టూల్ బాక్సులో చీటీ

కరెంటు షాకులు సుధీర్‌కి కొత్త కాదు. మైకు సెట్ల పనిలో ఉన్నవాడు తడిచేత్తో వైరు ముట్టుకోవడం, ఎగిరిపడడం, చెయ్యి దులుపుకుని మళ్లీ పనిలో పడడం మామూలే. కానీ ఈస్టరుకి ముందొచ్చే నలభై శ్రమదినాలు మొదలవడానికి ముందురోజు, అవనిగడ్డలోని ధనరాజు సౌండ్స్ షాపులో కూర్చుని ఫోన్‌లో తగిలించుకున్న షాకు మాత్రం అలాంటిది కాదు.

"హలో, మైకు సెట్టు కావాలండీ. నలభై రోజులు. సాయంత్రం ప్రార్థన కూటాలకి."

అవతలి గొంతు బొంగురుగా, నెమ్మదిగా, గచ్చు మీద గోనెసంచి ఈడ్చినట్టుగా ఉంది.

"అలాగే అన్నా. ఏ చర్చి అన్నా?"

అవతల చిన్నగా దగ్గు వినిపించింది.

"కరకట్ట పక్కన చర్చి. రేపు బూడిద బుధవారం ఆరాధనతో మొదలు. చిన్న సెట్టు చాలు."

"వచ్చేస్తా అన్నా. గొంతేంటి అలా అయిపోయింది, జలుబా? పాత ట్రాక్టరు స్టార్టయినట్టుంది. మిరియాల పాలు తాగు అన్నా, దెబ్బకి తగ్గిపోద్ది."

"తాగుతాను. రేపు మూడింటికి వచ్చి హెప్సిబా అని అడగండి."

"హెప్సిబా అంటే... మీ మిస్సెస్సా అన్నా?"

"నేనే అండీ," అని ఫోన్ పెట్టేసింది.

సుధీర్ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉండిపోయాడు. ఎదురుగా కూర్చుని సోల్డరింగ్ చేసుకుంటున్న ధనరాజు తలెత్తి చూశాడు.

"ఏరా అల్లుడూ, కరెంటు కొట్టిందా?"

"అలాంటిదే మావయ్యా."

ధనరాజు అతనికి చుట్టం కాదు, షాపు ఓనరు. దివిసీమలో వయసులో పెద్దవాడైతే చాలు, మావయ్య అయిపోతాడు.

సుధీర్ సొంత ఊరు చల్లపల్లి దగ్గర. ఇంట్లో తల్లి రాజకుమారి ఒక్కతే ఉంటుంది. కానిస్టేబుల్ సెలెక్షన్‌లో పరుగు గెలిచి, లాంగ్ జంప్‌లో మూడుసార్లూ గీత తొక్కి ఇంటికొచ్చాడు. అప్పటికే వయసు దాటిపోయింది, మళ్లీ ఛాన్సు లేదు. సరే, పోనీ అనుకుని, మూడేళ్లు కూడబెట్టి సొంతంగా సౌండ్ సెట్టు కొన్నాడు. కరకట్ట లోపల చిన్న షెడ్డు తీసుకుని, బాక్సుల మీద నల్ల మార్కర్‌తో తన పేరు రాసుకున్నాడు. సరిగ్గా ఆరువారాలు నడిచింది. సెప్టెంబరులో కృష్ణ పొంగింది. నీళ్లు తీసేసరికి బాక్సుల్లో బురద, యాంప్లిఫైయర్లో చచ్చిన చేప.

ఆ చేపని చూసిన రోజు నుంచి అతను ప్రార్థన మానేశాడు. షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి వాళ్లమ్మకిచ్చి, ధనరాజు దగ్గర చేరాడు. చర్చికి వెళ్లడమంటూ ఉంటే అది మైకు బిగించడానికే.

మర్నాడు మూడింటికి చర్చి మెట్ల మీద ఒకమ్మాయి నిలబడి ఉంది. నీలం చుడీదారు, ఎంత దువ్వినా మాట వినని రింగుల జుట్టు. చేతిలో స్టీలు గ్లాసు.

"మిరియాల పాలు," అంది గ్లాసు ఎత్తి చూపిస్తూ. "నిన్న మూడు సార్లు తాగాను. ట్రాక్టరు ఆగలేదు."

సుధీర్‌కి నేల చీలితే బాగుండుననిపించింది. "సారీ అండీ. నిజంగా... నేను..."

"వైర్లు లాగండి. నాలుగింటికి ఆరాధన."

అంతే. ఇంకేమైనా తిట్టుంటే తేలిగ్గా ఉండేది. వైర్లు లాగుతున్నవాడి పక్కకొచ్చి పాస్టరమ్మ ప్రభావతి గొంతు తగ్గించి చెప్పింది.

"మా అన్నయ్య కూతురు బాబూ. బందరు. ఇక్కడ సచివాలయంలో ఉద్యోగం, మా ఇంట్లోనే ఉంటుంది. పోయినేడాది మెడలో గడ్డకి ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది గానీ గొంతు అలా అయిపోయింది. అంతకుముందు బందరు చర్చిలో అది పాడుతుంటే రోడ్డు మీద బళ్లు ఆపుకుని వినేవాళ్లు."

సుధీర్ చేతిలో వైరు అలాగే ఉండిపోయింది. ఆ అమ్మాయిని తను ట్రాక్టరుతో పోల్చాడు.

ఆరాధన చివర్లో పాస్టరమ్మ వెదురుబుట్ట పట్టుకుని నిలబడింది. ఆ చర్చిలో శ్రమదినాలకి ఒక పద్ధతుంది. ప్రతివాళ్లూ దేవుణ్ని ఏమడగదలుచుకున్నారో చీటీ మీద రాసి బుట్టలో వెయ్యాలి. పేరు రాయకూడదు. వేసినవాళ్లు ఇంకొకరి చీటీ తీసుకోవాలి. ఆ మనిషెవరో తెలియకపోయినా నలభై రోజులూ వాళ్ల కోసం ప్రార్థన చెయ్యాలి. ఈస్టరు నాడు తెల్లవారాక ఆ చీటీ రాసినవాళ్లకే ఇచ్చెయ్యాలి, ఎవరిదో తేలకపోతే తిరిగి బుట్టలో వెయ్యాలి.

బుట్ట అందరి దగ్గరా తిరిగి మైకు స్టాండు దగ్గర ఆగింది.

"నేను మైకువాణ్ణి అండీ," అన్నాడు సుధీర్.

"మైకువాడికి దేవుడు లేడా? రాయి బాబూ," అంది పాస్టరమ్మ.

తప్పించుకోలేక చొక్కా జేబులోని చిన్న పుస్తకంలోంచి కాగితం చింపి, బాక్సుల మీద రాసే మార్కర్‌తోనే రెండు ముక్కలు గీకాడు. "నిన్నేమీ అడగను. నన్నొదిలెయ్." మడిచి బుట్టలో పడేశాడు. చేతికందిన చీటీ ఒకటి తీసి, విప్పకుండానే టూల్ బాక్సులో టెస్టరు కింద తోసేశాడు. దేవుడితో మాటలే లేనివాడికి ఒకరి తరఫున రాయబారమెందుకు?

రోజుకొక ఇంట్లో జరిగే సాయంత్రం కూటం మూడోరోజు రావమ్మ ఇంట్లో. రావమ్మ చర్చి ఊడ్చే ముసలామె. డెబ్బై ఏళ్లు దాటినా కంఠం కంచులా ఉంటుంది. ప్రార్థనకి ఆవిడ వంతు వచ్చింది. సుధీర్ మైకు ఆవిడ నోటి దగ్గర పట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభువా, నాకు చదువు రాదు. నాకొచ్చిన చీటీ హెప్సిబమ్మ చదివి పెట్టింది. ఆ బిడ్డెవరో నాకు తెలవదు తండ్రీ. 'నిన్నేమీ అడగను, నన్నొదిలెయ్' అని రాశాడంట..."

సుధీర్ చేతిలో మైకు జారి రావమ్మ గడ్డానికి తగిలింది. బాక్సులు కీచుమన్నాయి.

"సరిగ్గా పట్టుకో అబ్బాయా, ఆయనకి ఇనపడాల," అని రావమ్మ మైకుని గట్టిగా దగ్గరికి లాక్కుంది. "వొదలమాకు తండ్రీ! ఆడు అట్టాగే అంటాడు. నా కొడుకు అలిగి అన్నం వద్దంటే నేను కంచం తీసేశానా? మూత పెట్టి పక్కన కూకున్నాను. నువ్వూ కూకో. ఆడు లేచేదాకా కూకో."

వీధి చివరిదాకా వినిపించింది. వినిపించేలా చేసింది సుధీరే, వాల్యూం అతనే పెట్టాడు. చెమటలు పట్టి, ఎవరైనా తన మొహం చూస్తున్నారేమోనని పక్కకి చూశాడు. హెప్సిబా తల వంచుకుని చాప అంచు పీకుతోంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

ఆ తర్వాత రోజూ ఇదే. ఏ ఇంట్లో కూటమైనా రావమ్మ మైకు లాక్కోవడం, 'నా కోపిష్టి బిడ్డ' గురించి దేవుడికి చెప్పుకోవడం. ఇవాళ అన్నం తిన్నాడో లేదో చూడు. నిద్ర పట్టిందో లేదో చూడు. పని చేసేటప్పుడు ఏ దెబ్బా తగలనియ్యమాకు. మొదటివారం సుధీర్‌కి పారిపోవాలనిపించింది. రెండోవారం అలవాటైంది. మూడోవారం ఒకరోజు రావమ్మకి జ్వరమొచ్చి రాలేదు. కూటం అయిపోయాక, ఏదో మర్చిపోయి ఇంటికి వెళ్తున్నట్టనిపించింది అతనికి.

హెప్సిబాతో మాత్రం రోజూ యుద్ధమే.

"సుధీర్ గారూ, బాక్సు వంకరగా ఉంది."

"బాక్సు నిటారుగానే ఉందండీ. మీరే వంకరగా నిలబడ్డారు."

"మైకు టెస్టింగ్‌కి హలో హలో తప్ప ఇంకేం రాదా మీకు?"

"వచ్చు. అన్నా, అన్నా, అనొచ్చు."

ఆ మాటకి ఆమె పకపకా నవ్వింది. నవ్వు కూడా బొంగురే. కానీ ఆ బొంగురు నవ్వు కోసం సుధీర్ మర్నాటికి ఇంకో జోకు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. మనవాడి పరిస్థితి అప్పటికే చెయ్యి దాటిపోయింది. పాపం, ఆ సంగతి అతనికే తెలియదు.

రోజూ కూటం చివర్లో రేపటి ప్రకటనలు చదివేది హెప్సిబా. ఆమె మైకు ముందుకి రాగానే సుధీర్ మిక్సర్ మీద రెండు నాబులు తిప్పేవాడు. బేస్ తగ్గించి, గరుకు వినపడకుండా చేసేవాడు. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ గమనించలేదనుకున్నాడు.

మార్చి చివర్లో ఒక సాయంత్రం కూటం ముగిసేసరికి వేళకాని వాన. అందరూ వెళ్లిపోయారు. సెట్టు తడవకుండా ఇద్దరూ ఒకే రేకు చూరు కింద ఇరుక్కున్నారు.

"నా గొంతుకి మేకప్ వేస్తున్నారు కదూ?" అంది ఆమె వానని చూస్తూ.

సుధీర్ బిత్తరపోయాడు. "మీకెలా తెలుసు?"

"పదేళ్లు క్వయర్‌లో పాడాను. నా గొంతులో ఎవరు చెయ్యి పెట్టారో నాకు తెలియదా?" ఒక్క క్షణం ఆగింది. "తిట్టడానికి అడగలేదు. థాంక్స్ చెబుదామని."

వాన జల్లు మొహం మీద పడుతున్నా ఇద్దరూ వెనక్కి జరగలేదు.

"ఒక్కటి అడగనా? మీరు పాడరు, ప్రార్థన చెయ్యరు, ఆమేన్ కూడా అనరు. ఎందుకు?"

చేప సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఆమెకి చెప్పాడు. లాంగ్ జంప్ గీత సంగతి కూడా చెప్పాడు. ఆమె ఓదార్చలేదు, బైబిలు వాక్యాలూ చెప్పలేదు. "చేప ఎంతుంది?" అని అడిగింది. "జానెడు," అన్నాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆరు నెలల్లో ఆ చేప గురించి సుధీర్ నవ్వడం అదే మొదటిసారి.

"నాకైతే ఈ నలభై రోజులూ ధైర్యంగా ఉంది," అంది ఆమె వాన తగ్గాక, గొడుగు తెరుస్తూ. "నా చీటీ ఎవరికి వెళ్లిందో గానీ, పొద్దున్నే లేచేసరికి ఎక్కడో ఒకరు నా కోసం అడుగుతుంటారు కదా అనిపిస్తుంది. ఆ ఒక్క ఆలోచనతో లేస్తున్నాను."

సుధీర్ తలూపాడు. టూల్ బాక్సులో టెస్టరు కింద ఏముందో ఆ క్షణాన అతనికి గుర్తేలేదు.

గుర్తొచ్చింది గుడ్ ఫ్రైడే నాడు. మధ్యాహ్నం మూడు గంటల ఆరాధన. చర్చి కిటకిటలాడుతోంది. సిలువ మీద యేసు పలికిన నాలుగో మాట మీద పాస్టరు గారు ప్రసంగిస్తుండగా మైకు గరగరమంది. ఇన్సులేషన్ టేపు కోసం సుధీర్ టూల్ బాక్సు తెరిచి అడుగుదాకా కెలికాడు. టేపుతో పాటు నలిగిన చీటీ చేతికొచ్చింది.

టేపు చుట్టి, మైకు సరిచేసి, ఏమీ తోచక చీటీ విప్పాడు. గుండ్రటి, పొందికైన అక్షరాలు.

"ప్రభువా, ఈస్టరు ఉదయం ఒక్క పాట పాడాలి. నా గొంతు నాకు తిరిగివ్వు. ఆ రోజుకి కూడా రాకపోతే ఇక ఎప్పటికీ రాదని అర్థం చేసుకుంటాను. జీవితంలో మళ్లీ పాడే ప్రయత్నం చెయ్యను. అప్పుడు ఆ మౌనం మోసే బలమైనా ఇవ్వు."

చదివినవాడు చదివినట్టే గోడకి చేరబడిపోయాడు. వాన రోజు రేకు చూరు కింద హెప్సిబా అన్న మాట చెవిలో మోగింది. పొద్దున్నే లేచేసరికి ఎక్కడో ఒకరు నా కోసం అడుగుతుంటారు. ఆ ఒకరు తను. ఒక్కరోజు, ఒక్కపూట, ఒక్కమాట అడగలేదు. ఆమె ప్రాణం పెట్టుకున్న కాగితాన్ని టెస్టరు కింద పడేసి, పైన ప్లయర్లు పెట్టుకుని తిరిగాడు.

ఎదురుగా మూడో వరసలో హెప్సిబా కళ్లు మూసుకుని ఉంది. సుధీర్ ఆ వైపు చూడలేకపోయాడు.

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఈస్టరు నాడు చీటీ బుట్టలో పడేస్తే ఎవరు తీశారో ఎవరికీ తెలియదు. రాత్రంతా అతను అదే ఆలోచించాడు. కానీ అబద్ధం పక్కన పెట్టుకుని ఆ అమ్మాయి మొహం చూడలేనని తెల్లారేసరికి తేలిపోయింది.

శనివారం మధ్యాహ్నం సమాధుల తోటలో సందడిగా ఉంది. ఈస్టరు తెల్లవారుజాము ఆరాధన అక్కడే జరుగుతుంది. సమాధులకి సున్నాలు వేస్తున్నారు, బంతిపూల దండలు కడుతున్నారు. హెప్సిబా ఒక మూల పూలు గుచ్చుతోంది. సుధీర్ వెళ్లి చీటీ ఆమె ముందు పెట్టాడు.

"ఇది నా దగ్గరుంది. మొదటి రోజు నుంచీ నా దగ్గరే ఉంది. నిన్నటిదాకా విప్పలేదు. ఒక్కసారి కూడా ప్రార్థన చెయ్యలేదు."

ఆమె చీటీని చూసింది. అతన్ని చూసింది. చేతిలో సూది ఆగిపోయింది.

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా."

"నలభై రోజులు..." గొంతు అసలే లేదు, ఉన్నది కూడా వణికింది. "ఎవరో ఉన్నారనుకుని లేచానండీ రోజూ. ఎవరూ లేరా?"

సుధీర్ నేల మీద రాలిన బంతిపూలు చూస్తూ నిలబడ్డాడు.

"మీకొకటి చెప్పనా?" అంది ఆమె కళ్లు తుడుచుకుని. "రావమ్మ గారికి వచ్చిన చీటీ మీరు రాసిందేనని నాకు మొదటి రోజే తెలుసు."

"ఆ?" సుధీర్ అదిరిపడ్డాడు. "పేరు రాయలేదే!"

"పేరు రాయలేదు. మీ షాపు బిల్లుబుక్కు కాగితం మీద రాశారు. వెనక్కి తిప్పితే ధనరాజు సౌండ్స్, అవనిగడ్డ, ఫోన్ నంబరుతో సహా అచ్చేసి ఉంది. పైగా ఆ నల్ల మార్కర్. రావమ్మ గారికి చదువు రాదు కాబట్టి తెలియలేదు. ఆవిడ మర్చిపోకూడదని రోజూ సాయంత్రం నాతో చదివించుకునేవారు. చదివిన ప్రతిసారీ నేనూ ఆవిడతో పాటు అడిగాను." లేచి నిలబడింది. "మీ చీటీ నేను నలభై రోజులు చదివాను సుధీర్ గారూ. నా చీటీ మీరు విప్పను కూడా విప్పలేదు."

పూలు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. గేటు దగ్గర పాస్టరమ్మతో, "రేపు పాట వద్దు అత్తయ్యా. అరుణ్‌కి చెప్పెయ్," అనడం వినిపించింది. అరుణ్ కీబోర్డు వాయించే కుర్రాడు.

సుధీర్ కరకట్ట మీద నడుచుకుంటూ తన షెడ్డు దగ్గరికి వెళ్లాడు. తాళం వేసే ఉంది. గోడ మీద ఛాతీ ఎత్తున వరద గీత ఇంకా గోధుమరంగులో కనిపిస్తోంది. అతను అరుగు మీద కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది.

"నేను నిన్నేమీ అడగనన్నాను," అన్నాడు పైకే. ఇన్నాళ్ల తర్వాత ఆ గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "మాట మీదే ఉన్నాను. నా కోసం అడగట్లేదు. ఆ అమ్మాయి కోసం."

అక్కడితో ఆగుదామనుకున్నాడు. ఆగలేదు. సెలెక్షన్లో గీత, బురద, చేప, అమ్మ చేతిలో పెట్టిన తాళంచెవి, అన్నీ వరసగా బయటికొచ్చాయి. తిట్టాడు, ఏడ్చాడు. తను వదిలెయ్యమన్న నలభై రోజులూ ఒక ముసలామె, ఒక గొంతులేని పిల్ల తనని వదలకుండా పట్టుకున్నారు. వాళ్ల చేత పట్టించింది ఎవరో అతనికి అప్పుడర్థమైంది. సెట్టు మునిగిన రోజు తను ఒంటరివాణ్ణయిపోయానని అనుకున్నాడు. ఒంటరిగా ఉన్నది ఒక్కపూట కూడా లేదు. కంచం మీద మూత పెట్టి పక్కనే కూర్చున్నారు.

ఎప్పుడు అరుగు దిగి మోకరించాడో, లేచేసరికి మోకాళ్లకి మట్టంటింది. గుండె మాత్రం తేలికైంది.

ఈస్టరు తెల్లవారుజామున నాలుగున్నరకి సమాధుల తోట కొవ్వొత్తులతో నిండిపోయింది. బందరు నుంచి హెప్సిబా తండ్రి అబ్రహాము గారు కూడా వచ్చారు. తెల్ల పంచె, చేతిలో కర్ర. కూతురు పాట వింటానని వచ్చి, పాట లేదని తెలిసి మాట్లాడకుండా కూర్చున్నారు. హెప్సిబా ఆయన పక్కన తలమీద కొంగేసుకుని ఉంది. సుధీర్ వైపు చూడలేదు.

అయిదింటికి తూర్పున మబ్బు కమ్మింది. చూస్తుండగానే జల్లు. కొవ్వొత్తులారిపోయాయి. మిక్సర్ మీద పట్టా కప్పబోయిన సుధీర్‌కి చెయ్యి జివ్వుమంది. టప్పుమని శబ్దం, మొత్తం సెట్టు ఆగిపోయింది. మైకు లేదు, లైటు లేదు, అరుణ్ కీబోర్డు లేదు. జనంలో గుసగుసలు. "మొదటి పాట ఎవరు ఎత్తుకుంటారు?" అంది పాస్టరమ్మ చీకట్లో. కీబోర్డు లేకుండా అరుణ్ ఎత్తుకోలేడు. ఆనాటి పాటని ఆ చర్చిలో ఎప్పుడూ ఆడగొంతు శ్రుతిలోనే మొదలుపెడతారు, పైస్థాయిలో. ఎత్తుకునే మనిషి లేదు.

సుధీర్ ఎందుకు ముందుకొచ్చాడో అతన్నడిగితే చెప్పలేడు. నోరు తెరిచాడు.

"తెల్లారింది తోటలో... తెరిచి ఉంది సమాధి..."

తోట మొత్తం నిర్ఘాంతపోయింది. మైకులవాడు పాడుతున్నాడు! ఆమేన్ అననివాడు! షాపు నుంచి సాయానికొచ్చిన ధనరాజు గొడుగు వదిలేశాడు. శ్రుతి చూస్తే కింద, మగవాళ్ల శ్రుతిలో, కొంచెం వణుకుతూ ఉంది. మొదటి రెండు వరసలు ఒక్కడే పాడాడు. చీకట్లో ఒక్కరూ అందుకోలేదు, వాళ్లకి ఆ స్థాయి అలవాటు లేదు.

మూడో వరసకి ఇంకో గొంతు కలిసింది.

అది బొంగురుగా, కిందిస్థాయిలో, గరుకుగా ఉంది. అయినా పడిపోలేదు. పైశ్రుతిలో ఏడాదిగా విరిగిపోతున్న గొంతు ఈ కిందిశ్రుతిలో నేల మీద నిలబడినట్టు నిలబడింది. సుధీర్ వెనక్కి తిరిగాడు. తలమీద కొంగు జారిపోయి, మొహమంతా వాన కారుతూ, కళ్లు పెద్దవి చేసుకుని తన గొంతు తనే వింటూ హెప్సిబా పాడుతోంది. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆమే.

అబ్రహాము గారు కర్ర పట్టుకుని లేచారు. ఆ గొంతు ఎవరిదో వెంటనే పోల్చుకోలేక చుట్టూ చూసి, పక్కన చూసి, మళ్లీ కూలబడిపోయారు. తర్వాత తోటంతా అందుకుంది. పాట అయిపోయేసరికి తూర్పు తెల్లబడింది, వాన వెలిసింది.

చీటీలు తిరిగిచ్చే సమయం వచ్చింది. రావమ్మ మొదట లేచింది.

"నా కోపిష్టి బిడ్డ ఈడ ఉంటే చెయ్యెత్తాల!"

సుధీర్ చెయ్యెత్తాడు.

రావమ్మ నోరు తెరిచింది, కాసేపు మూయలేదు. "నువ్వా? నలభై రోజులు మైకు పట్టుకుని ఇనింది నువ్వేనా అబ్బాయా? ముందే చెబితే అంత అరవకపోదునే!" అని వచ్చి చీటీ చేతిలో పెట్టి, రెండు చెంపలూ నిమిరింది. "రేపట్నించి ఏం చేస్తావు?"

"షెడ్డు తాళం తీస్తానమ్మా. ఒక యాంప్లిఫైయర్ విప్పి చూస్తా. పని చేస్తే చేస్తుంది, లేకపోతే ఇంకోటి చూస్తా."

జనం మధ్యలోంచి నడిచి అతను హెప్సిబా ముందు నిలబడ్డాడు. ఆమె చీటీ అతని చేతిలో ఉంది. నిన్న ఆమె వదిలేసి వెళ్లిన పూలలోంచి ఏరుకున్నాడు.

"ఒక్క రాత్రే అడిగాను. అంతకుముందు రోజులకి క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు."

"నేను అడిగిన గొంతు రాలేదండీ," అంది ఆమె మెల్లగా. "పాతది రాలేదు. ఇది కొత్తది. ఇదొకటి ఉందని నాకు తెలియదు. పాతదాన్నే వెతుక్కుంటూ దీన్ని ఒక్కసారి కూడా పాడనివ్వలేదు." చెయ్యి చాపింది. "చీటీ ఇవ్వండి. నియమం."

సుధీర్ ఇవ్వలేదు.

"ఇది నా దగ్గరే ఉంచుకోవచ్చా?"

"ఎన్నాళ్లు?"

"నలభై రోజులు చాలవండీ. ఎన్నాళ్లు ఉంటే అన్నాళ్లు... రోజూ అడుగుతాను. ఇంకెప్పుడూ టెస్టరు కింద పెట్టను."

హెప్సిబా అతని చేతిలోని చీటీ వైపు చూసింది. వెనక నుంచి రావమ్మ, "మైకు లేకపోయినా ఇనపడతా ఉంది, కానియ్యండి," అంది. అప్పుడామె చాపిన చెయ్యి వెనక్కి తీసుకోకుండా, అతని గుప్పిటని చీటీతో సహా మూసేసింది. అబ్రహాము గారు అంతా చూస్తూ గడ్డం నిమురుకుంటున్నారు.

సోమవారం పదకొండింటికి సుధీర్ షెడ్డులో బురద కక్కుతున్న యాంప్లిఫైయర్ విప్పుకుని కూర్చున్నాడు. ఫోన్ మోగింది.

"హలో, మైకు సెట్టు కావాలండీ. బందరులో."

ఆ గొంతు ఇప్పుడతనికి వెయ్యిమందిలో తెలుస్తుంది. అయినా గంభీరంగా, "ఏ తారీకు కావాలండీ?" అన్నాడు.

"తారీకు ఇంకా అనుకోలేదు. మా నాన్నగారు ఆదివారం చల్లపల్లి వచ్చి మీ అమ్మగారితో మాట్లాడతారట."

"మా అమ్మతోనా? ఏం ఫంక్షన్ అండీ?"

"అది కూడా నేనే చెప్పాలా అన్నా?"

సుధీర్ చేతిలో ఏ వైరూ లేదు. అయినా ఎగిరిపడ్డాడు.